గోడ ముందు కట్టిన పట్టుపంచ

2023 చలికాలం. అనంతపురం, కదిరి, ధర్మవరం వైపు వాళ్ళను కాశీ, ఢిల్లీ తిప్పుకొచ్చే టూర్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. మా పనిలో ముఖ్యమైనది సైట్ టైమ్. అంటే ఏ చోట ఎంతసేపు ఆగాలో ముందే రాసుకోవడం. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకానికి నేను ఇచ్చేది అరగంట.

ఆ ట్రిప్పులో నాగమ్మ, ఓబులేసు అనే దంపతులు ఉన్నారు. ధర్మవరంలో మగ్గం పని. ఇద్దరికీ అరవై దాటాయి. మిగతావాళ్ళు కాశీ కోసం వస్తే నాగమ్మ ఈ స్మారకం కోసమే వచ్చింది. ఆమె అన్న సూరి 1971 యుద్ధంలో చనిపోయాడు. శవం ఇంటికి రాలేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు.

పెద్దల అమావాస్యకు మా వైపు చనిపోయినవాళ్ళ ముందు కొత్తబట్టలు పెడతారు. తర్వాత వాటిని ఇంట్లో ఎవరో ఒకరు కట్టుకుంటారు. సూరి పేరుతో ఏటా ఖాళీ పీట ముందే పెడుతూ వచ్చారు. ఒక్కసారైనా అన్న పేరు ముందు పెట్టాలని నాగమ్మ తన మగ్గం మీదే పట్టుపంచ నేసి తెచ్చింది.

బస్సులో అందరికీ చరిత్ర చెప్పాను. ఇండియా గేటు మీదున్నవి బ్రిటిషు కాలపు సిపాయిల పేర్లని, స్వాతంత్ర్యం తర్వాత చనిపోయినవాళ్ళ పేర్లతో ఈ స్మారకం 2019లో వచ్చిందని.

"అంతవరకూ మా అన్న యాడున్నట్టు?" అంది నాగమ్మ.

"మనింట్లో, పీట మింద" అన్నాడు ఓబులేసు.

స్మారకం మధ్యలో జ్యోతి, చుట్టూ వలయాలుగా గోడలు, రాతి పలకల మీద పేర్లు. అక్కడి కంప్యూటర్ తెర మీద వెతికి వాళ్ళను సూరి పేరు దగ్గరకు తీసుకెళ్ళాను. చదివి వినిపించాను. నాగమ్మ అక్షరాలు తడిమి చూసి, సంచిలోంచి పంచ తీసింది. కాపలా జవాను పరుగున వచ్చాడు. గోడ దగ్గర ఏమీ పెట్టకూడదని హిందీలో చెప్పాడు.

"పెట్టి మళ్ళా తీసుకుంటాం గదప్పా! పట్టుది, ఈడ ఇడిసిపెట్టి పోతామా?"

ఆ మాట హిందీలో చెప్పాను. జవాను నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. నాగమ్మ పంచ మడిచి గుండెకు ఆనించుకుంది. ఇంత దూరం వచ్చింది ఆ ఒక్క పనికే.

ఓబులేసు నా వైపు తిరిగాడు. "పెట్టగూడదన్న్యాడు సరే. కట్టుకోగూడదన్న్యాడా? అడుగన్నా."

అడిగాను. కట్టుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు జవాను.

ఓబులేసు ప్యాంటు మీదే పంచ చుట్టుకుని, కుచ్చెళ్ళు సర్దుకుని గోడ ముందు నిలబడ్డాడు. "బావా, నిన్ను చూడనే లేదు. నీ చెల్లెల్ని చేసుకొని ఇన్నేండ్లు ఏగినా. ఈ పంచకు నాకు హక్కుండాది."

"అన్నా, ఈయన మాటలు పట్టించుకోవద్దు. అంచు చూడు, నేనే నేసినా" అంది నాగమ్మ, గోడ మీది పేరుతో. అంటూనే నవ్వింది, ముక్కు తుడుచుకుంది. జవాను దగ్గరికొచ్చి, అసలైన పట్టేనా అని అంచు పట్టుకుని చూశాడు. ఓబులేసు ఆ పంచతోనే బస్సెక్కితే బస్సంతా ఈలలు వేసింది.

అక్కడ పేరు వెతుక్కునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడు ముందు వాళ్ళను గోడ దగ్గరకు పంపిస్తాను. చరిత్ర తర్వాత చెప్పొచ్చు.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఆమె ఫొటో ముందు పెట్టిన చీరను ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో దాచాను. పెట్టడం సగమేనని, ఎవరో ఒకరు కట్టుకుంటేనే ఆ పని పూర్తవుతుందని ఓబులేసును చూశాక అర్థమైంది. ఇంటికి రాగానే చీర తీసి మా అమ్మాయి చేతికిచ్చాను.

విప్పి చూసి, "ఏం నాయనా, ఇంత మంచి చీర ఇన్నాళ్ళూ బొద్దింకలకు పెట్టినావా?" అంది. ఆ సాయంత్రం అదే కట్టుకుని కూరగాయలకు పోయింది.