చెప్పుల దగ్గర నిలబడే మా తమ్ముడు

మా చిన్న తమ్ముడు పోయాడు. పేగుకు చిల్లు పడిందని చెప్పిన మర్నాడే పోయాడు. నలభై కూడా నిండలేదు.

కబురు తెలిసినప్పటి నుంచి ఒక మామూలు ఉదయమే కళ్లలో మెదులుతోంది. మదీనాగూడలో మావి పక్కపక్క వాటాలు. నేను పూజ ముగించి హారతి తెచ్చేసరికి, మాదాపూర్ ఆఫీసుకు బయలుదేరినవాడు మా వసారాలో కూర్చుని, కాల్చిన మేకుతో బెల్టుకు బెజ్జం పెడుతున్నాడు.

"ఏమిరా, మళ్లీనా?"

"బెల్టు సాగింది లేక్కా."

నేనిచ్చిన ప్రసాదం పులిహోర కళ్లకద్దుకుని డబ్బాలో పెట్టుకున్నాడు. తినడని నాకు తెలుసు.

వాడికి నెత్తురు విరేచనాలు మొదలైనప్పుడే, పేగులో పుళ్లు పడే జబ్బని చెప్పి డాక్టరు అన్నాడు: "ఇది ఎక్కువగా తెల్లవాళ్ల జబ్బమ్మా. మనవాళ్లకు వచ్చినా ముదరదు." ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. మనవాళ్లను ఎంతమందిని చూసి అన్నాడు? ఇలాంటి జబ్బును మనవాళ్లు నోరు విప్పి చెప్పుకుంటారా? చెప్పుకోని జబ్బు తేలికగానే కనబడుతుంది.

ఎదురింటాయన హాస్యమాడేవాడు. "దొరల బీమారంట గద, ఇగ నీకేం ఫికర్ అన్నా!"

"వీసా అడగకుండనే వచ్చిందన్నా," అనేవాడు వీడు. నాతో మాత్రం ఒకసారి మెల్లగా అన్నాడు: "నా ఒంటి రంగేమిటో పేగుకెవరు చెబుతారక్కా?"

గుడిలో ఎప్పుడూ బయట, చెప్పుల దగ్గరే నిలబడేవాడు. లోపలికి రమ్మంటే, "దేవుడికి ఇక్కణ్ణుంచీ కనబడతాలే" అనేవాడు. భక్తి తక్కువని మరదలు నొచ్చుకునేది. అవసరమైతే పరుగెత్తడానికి దారి చూసుకునేవాడని నాకు తెలుసు. ఎవరింటికి వెళ్లినా స్నానాలగది పక్క కుర్చీయే వాడిది. అక్కడి నుంచే అందరినీ నవ్వించేవాడు.

పదకొండో రోజు భోజనాల్లో, కాలేజీ చదువుతున్న వాడి కూతురు రెండు ముద్దలు తిని లేచింది. కాసేపటికి మళ్లీ లేచింది.

"ఎన్నాళ్లనుంచే?" అన్నాను, చాటుకు పిలిచి.

"నాన్నకు చెప్పొద్దనుకున్నానత్తా," అంది.

సాయంత్రం అందరం కూర్చున్నాం. "దిగులమ్మా అది, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది," అన్నాడు నడిమి తమ్ముడు. నేను పోయినవాడి బెల్టు తెచ్చి మధ్యలో పెట్టాను. నడిమి తమ్ముడు దాని బెజ్జాలు ఒక్కొక్కటే వేలితో తడిమాడు.

రేపు పొద్దున్నే పిల్లను వేరే ఆసుపత్రిలో చూపించాలని అనుకున్నాం. తండ్రి సంగతి ముందే దాచకుండా చెప్పాలని, మనవాళ్లకు ముదరదన్న మాట వినబడితే, పేగు లోపల చూసేదాకా కదలకూడదని అనుకున్నాం. మేము మాట్లాడుతున్నంతసేపూ పిల్ల స్నానాలగది పక్కన, వాళ్ల నాన్న కుర్చీలోనే కూర్చుని ఉంది.