కూలరు పక్కన ఏడో పోర్టు

నాందేడ్‌లో మా తెలుగు పత్రిక ఆఫీసంటే మూడు గదులు. సరిహద్దు ఊళ్ల వార్తల పేజీలు అక్కడే తయారై, సాయంత్రం ఏడు లోపల నెట్ మీద నిజామాబాద్ ప్రెస్సుకు చేరాలి. ఆ వేసవిలో అవి వరుసగా ఆలస్యమయ్యాయి. పేజీ సగం వెళ్లి ఆగేది. మళ్లీ మొదటి నుంచి పంపేవాళ్లం. చివరికి మా ఇన్‌ఛార్జికి కబురొచ్చింది: ఈ వారం కూడా ఇట్లాగే ఉంటే పేజీల పని నిజామాబాద్‌కే మార్చేస్తారు. దాంతోపాటు మా నెట్‌వర్క్ చూసుకునే ఆమె ఉద్యోగమూ పోతుంది.

ఆమె రోజూ కర్ఖేలి నుంచి రైల్లో వచ్చేది. మాట తక్కువ. విలేకరిగా నా తొలి రోజుల్లో డెస్కు వాళ్లు నా కాపీలో 'చాలా', 'తీవ్రంగా' లాంటి మాటలన్నీ కొట్టేసేవాళ్లు. ఆమెకు ఆ మాటలు పుట్టుకతోనే లేవు. నెట్ బాగాలేదని ఎవరైనా గొణిగితే "ఎన్నింటికి? ఏ మిషన్ మీద?" అని మాత్రం అడిగేది.

తప్పు బయటి నుంచి వచ్చే నెట్ లైనుదేనని మేమందరం తేల్చేశాం. పేజీలు పేర్చే మరాఠీ మిత్రుడు రోజూ "లైనే ఖరాబ్ ఆహే, మేడం" అనేవాడు. లైను ఇచ్చిన కంపెనీకి పంపడానికి ఘాటైన ఫిర్యాదు రాసిపెట్టింది నేనే. వాళ్ల మనుషులు రెండుసార్లు పొద్దున పదకొండుకు వచ్చి చూసి, అంతా సక్రమంగా ఉందని చెప్పి చాయ్ తాగి వెళ్లారు.

"ఆ కాయిదం జర ఆపు అన్నా," అంది ఆమె. "ముందు సూద్దాం."

ఆమె దగ్గరున్నది ప్లగిన్ అనే ఒక చిన్న ప్రోగ్రాం. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర మీద ఒక కమాండ్ కొట్టి, ఏ పోర్టు చూడాలో, అంకె ఎంత దాటితే పసుపు రంగుతో హెచ్చరించాలో, ఎంత దాటితే ఎరుపుతోనో చెప్పాలి. పోర్టంటే కేబుల్ వచ్చి తగులుకునే రంధ్రం. అందులోంచి ఎంత సమాచారం వచ్చింది, ఎంత పోయింది, దారిలో ఎన్ని ముక్కలు చెడిపోయాయి అన్న అంకెలు ఆ ప్లగిన్ తెస్తుంది. కిందటిసారి తెచ్చినవాటితో పోల్చి, తేడాను ఒక్క వరుసలో చెబుతుంది. మంచి విలేకరి ఫోన్లో వార్త చెప్పినట్టే. ఏం జరిగిందో చెప్పి పెట్టేస్తుంది.

మొదట బయటికి పోయే లైనును అడిగింది. జవాబు ఆకుపచ్చ.

"లైన్ సగం గూడ నిండలే," అంది.

"గట్లయితే పేజీలెందుకు పోతలేవు చెల్లె?" అన్నాను.

"గదే తెల్వాలె. మన ఇంట్లనే ఏదో ఉన్నది."

తర్వాత ఆఫీసు లోపలి కంప్యూటర్ల పోర్టులన్నిటినీ ఒక్కొక్కటిగా అడిగింది. పొద్దున కావడంతో అన్నీ ఆకుపచ్చే. నేనైతే అక్కడితో వదిలేసేవాణ్ణి. ఆమె మాత్రం అయిదు నిమిషాలకోసారి అన్నిటినీ తనంతట తానే అడిగేలా ప్లగిన్‌ను పెట్టి, తన పనిలో పడింది. నాలుగు దాటిన తర్వాత ఏడో పోర్టు పసుపు రంగులోకి మారింది. అది పేజీలు పంపే కంప్యూటర్‌ది. రాకపోకలు కొద్దిగానే ఉన్నా చెడిపోయే ముక్కలు పెరుగుతున్నాయి. మర్నాడూ అదే వేళకు అదే పసుపు.

ఇన్‌ఛార్జికి ఆ రంగు నచ్చలేదు. ఆ రంగులు నిజామాబాద్ వాళ్ల తెర మీదా కనబడతాయి.

"హద్దు జర పెంచమ్మా. పసుపు కనబడకపోతే వాళ్లు అడగనే అడగరు."

"బాబ్లీ బ్యారేజి కాడ గోదారి నీళ్ల గీత పైకి జరిపి గీస్తె వరద తగ్గుతదా సార్?" అంది ఆమె, తల తిప్పకుండానే. హద్దు ఉన్నచోటే ఉంచింది.

మూడో రోజు నాలుగింటికి "ఎవరి పని వాళ్లు రోజు లెక్కనే చెయ్యుండ్రి" అని చెప్పి తెర ముందు కూర్చుంది. నా పని నేను చేశాను. నాందేడ్ ఎండలో నాలుగింటికల్లా కూలరు ఎండిపోతుంది. బకెట్ తెచ్చి నీళ్లు పోశాను.

"అన్నా, ఆగు!"

ఆగాను. ఆమె కమాండ్ కొట్టింది. కాసేపాగి మళ్లీ కొట్టింది.

"ఇంకో చెంబెడు పొయ్యి."

పోశాను. అంచు మీంచి జారిన నీళ్లు గోడ వెంట దిగాయి. తెర మీద ఏడో పోర్టు ఎరుపుకు మారడం చూసి ఆమె లేచి వచ్చి, కూలరు వెనక వంగింది. వేసవి మొదట్లో నా బల్లను కిటికీ దగ్గరికి జరుపుకున్నప్పుడు అడ్డొచ్చిన ఆ కంప్యూటర్ కేబుల్‌ను నేనే తెంపించి, పొట్టిగా ఉందని ఒక జాయింట్‌తో అతికించాను. ఆమెకు చెప్పలేదు. ఆ జాయింట్ కూలరు కిందే తడిసి మెరుస్తోంది. రోజూ పేజీలు పోయే వేళకు తడిసి, తెల్లారేసరికి ఆరిపోతోంది. కంపెనీవాళ్లకు పొద్దున ఏం కనబడుతుంది?

"ముప్పై ఏండ్ల నుంచి ఊరందరి తప్పులు రాస్తున్నవ్ గదా అన్నా," అంది, చీర అంచుకు అంటిన నీళ్లు పిండుకుంటూ.

ఒకటే పొడుగు కేబుల్‌ను గోడ పైనుంచి లాగింది. ఆ సాయంత్రం పేజీలు ఏడుకు ముందే చేరాయి. ఆ వారం మిగతా రోజులూ అట్లాగే చేరాయి. పేజీల పని నాందేడ్‌లోనే ఉంటుందని శనివారం ఇన్‌ఛార్జికి ఫోనొచ్చింది. ఆమె రైలుకు వేళవుతోందని సంచీ సర్దుకుంటూనే ఆ మాట విన్నది, తలూపింది.

నిజామాబాద్‌కు ఆమె పంపిన నివేదిక నాలుగు వరుసలు. ఏ పోర్టు, ఎన్నింటి నుంచి, చెడిన ముక్కలెన్ని, కేబుల్ మార్చాక ఎన్ని. నా బకెట్ సంగతి అందులో లేదు.

"నా పేరెందుకు రాయలే?" అని అడిగాను.

"ప్లగిన్‌కు పేర్లు తెల్వయి అన్నా. అది చెప్పిందే రాసిన."

నా ఫిర్యాదు కాగితం చింపేశాను. ఇప్పటికీ నాలుగింటికి బకెట్ ఎత్తేముందు ఆమె వైపు చూస్తాను. ఆమె ఒక కమాండ్ కొట్టి, ఆ ఒక్క వరుస చదివి, "పొయ్యి" అంటుంది.