బొంబాయి నడక నేర్పిన అక్క

మా తార్నాక అక్క పోయిందని ఆమె తమ్ముడి కొడుకు పోయిన నెల ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయిందట. ఎనభై అయిదు దాటిన మనిషి, మంచం పట్టకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయింది. పెద్దగా ఏడవడానికేముందని నన్ను నేనే సముదాయించుకున్నాను. నిజంగానే ఏడుపు రాలేదు. పదకొండో రోజు కర్మ కార్డు చేతికి వచ్చాక మాత్రం ఒళ్లు మండింది.

కార్డు మీద ఆమె గురించి రెండే మాటలు అచ్చువేశారు. ఆదర్శ గృహిణి, దైవభక్తురాలు. గృహిణి అట! ఆమె కాపురం చేసిందే మూడేళ్లు. భక్తి సంగతి నాకు తెలియదు గానీ, గుడికి పోతే ముందు నిలబడ్డ ఆడవాళ్ల కుచ్చిళ్లు సరిచేసి వచ్చేది. ఆమె బొంబాయిలో మోడల్‌గా పనిచేసింది. ఆ మాట ఒక్క అక్షరం కూడా కార్డులో లేదు. ఎందుకు లేదని అడిగితే, "ఇప్పుడెందుకాంటీ గవన్నీ, నలుగురు ఏమనుకుంటరు" అన్నాడు పిల్లవాడు. పిల్లవాడంటే యాభై ఏళ్లవాడు, మనవడు కూడా ఉన్నాడు.

నలుగురూ ఏమనుకుంటారో ఆమె బతికినన్నాళ్లూ వింది. చచ్చాక కూడా వాళ్లకే భయపడాలా? ఈరోజు ఏ సందులో చూసినా మోడలింగ్ నేర్పుతామని బోర్డులు వేలాడుతున్నాయి. ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆశగా ఆ మెట్లు ఎక్కుతున్నారు. వాళ్లకు ఎవరో ఒకరు చెప్పి తీరాల్సిన మాటలు ఈ మనిషి దగ్గర ఉండేవి. వాటిని మూటగట్టి బూడిదలో కలిపేసి, పైన గృహిణి అని రాశారు. అందుకే నేను రాస్తున్నాను.

అరవైల చివరి సంవత్సరాలు. మా నాన్న కర్నూలు నుంచి బదిలీ మీద హైదరాబాదు వచ్చాడు. తార్నాకలో రెండు వాటాల ఇంట్లో ఒక వాటా మాది, రెండోది అక్కది. డాబా ఎక్కితే ఒకవైపు మౌలాలి గుట్ట, ఇంకోవైపు యూనివర్సిటీ చెట్లు. నేను ఎం.ఏ.లో చేరాను. అక్క యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో మేట్రన్. అప్పటికి ఆమెకు ముప్పై ఉంటాయేమో. సన్నంచు తెల్ల నూలు చీరలే కట్టేది. అయినా ఆమె గేటు తీసుకుని బయటికి వస్తే వీధి మొత్తం ఒకసారి తలతిప్పి చూసేది, చూసి మళ్లీ గుసగుసలాడేది.

ఆమె కథ వీధిలో అందరికీ తెలుసు, తప్పుగా తెలుసు. ఆమె నాకు చెప్పింది ఇది. పెళ్లయి బొంబాయి పోయింది. మొగుడు బట్టల మిల్లులో పనివాడు. మూడేళ్లకే జబ్బుచేసి పోయాడు. తిరిగొచ్చి పుట్టింట్లో కూర్చుంటే వదిన మొహం చూడాల్సి వస్తుందని, మిల్లువాళ్ల దుకాణంలోనే బొమ్మలకు చీరలు కట్టే పనిలో చేరింది. ఒకసారి చీరల ప్రదర్శనకు రావాల్సిన అమ్మాయి రాలేదు. ఆ చీర ఈమెకు చుట్టి స్టేజీ ఎక్కించారు. అలా మొదలై ఏడేళ్లు నిలబడింది. చివరికి ఒక చీర కోసం తీసిన ఫొటో, ఆమెను అడగకుండా, ఎవరిదో సబ్బుల క్యాలెండర్ మీదికి ఎక్కింది. అందులో ఆమె భుజాల మీద చీర లేదు. ఆ చీర తీసేసి గీసినవాడు ఎవడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. మిల్లువాళ్లను అడగబోతే, నీ మొహం మాకు అమ్ముకున్నావు కదా అన్నారట. ఆ పని వదిలేసి ఆమె హైదరాబాదు వచ్చేస్తే, ఆ క్యాలెండర్ కూడా ఇక్కడిదాకా వచ్చింది. వీధికి తెలిసింది అంతే. గీసినవాడిని ఒక్కరూ తిట్టలేదు.

ఒక బొంబాయి మిల్లు తన చీరల ప్రదర్శనకు అమ్మాయిలను వెతుకుతోందని, క్యాంపస్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని ఇక్కడ పోటీ పెడుతుందని తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. గెలిచినవాళ్లు బొంబాయి స్టేజీ మీద నడుస్తారు. అప్పటికి నాకు రెండు పెళ్లిచూపులు అయ్యాయి. రెండు సార్లూ వాళ్లకు నచ్చలేదు. ఒకరికి రంగు తక్కువ, ఇంకొకరికి ఎత్తు ఎక్కువ. ఆ ఎత్తు, ఆ రంగు ఎవరికైనా పనికొస్తాయేమో చూడాలని ఉండింది నాకు. వారం రోజులు బతిమాలితే నాన్న, "ఒక్కసారికి ఒప్పుకుంటాండా. ఈసారి కాకపోతే ఈ మాట మళ్ల ఎత్తకూడదు" అన్నాడు.

అక్కను నేర్పమని అడిగితే మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఏమనుకుందో వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "లోపలికెళ్లి నా దిక్కు నడుసుకుంట రా" అంది. వచ్చాను. వచ్చి నమస్కారం పెట్టి, చాప లేకపోయినా కింద కూర్చున్నాను. నాకు తెలియకుండానే కూర్చున్నాను. ఎవరైనా కుర్చీలో కూర్చుని నడిచి రమ్మంటే ఆడపిల్ల చేయాల్సింది అదేనని నా కాళ్లకు తెలుసు.

అక్క పడీపడీ నవ్వింది. నవ్వుతూనే మొహం మారిపోయింది.

"గిదేందే పిల్లా, పెళ్లిచూపులనుకున్నవా? లే. తలెత్తు."

"తల ఎత్తుకోని ఎట్ల నడిచేదక్కా, సిగ్గయితాది."

"సిగ్గెందుకు? కాలు కుంటిదేమోనని నడిపిచ్చి సూస్తరే, గాళ్లకు లేదు సిగ్గు. సవరం పెట్టుకున్నదేమోనని జడ ఇప్పించి సూస్తరే, గాళ్లకు లేదు. నీకెందుకే? సూడు, గాడ గూడ నడిపిస్తరు. కానీ గాడ నువ్వు సూపించేది చీరను. నిన్ను కాదు. గది యాదిలో పెట్టుకో, తల దానంతటదే లేస్తది."

ఆ నెల రోజుల సాయంత్రాల్లో అక్క నాకు నడక కన్నా కోపమే ఎక్కువ నేర్పిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో మా క్లాసు అమ్మాయిలు హిందీ సినిమా చూసొచ్చి తల మీద ఇంత ఎత్తు కొప్పు లేపేవాళ్లు. లోపల పాత సవరం ఉండచుట్టి పెట్టేవాళ్లు. కళ్ల చివర కాటుక తోకలు దిద్దేవాళ్లు. నేనూ ఒకరోజు అలా తయారై వెళ్లాను. అక్క ఆ కొప్పులోంచి సవరం ఉండ లాగి నా చేతిలో పెట్టింది. "బొంబాయి ఫ్యాషన్ మన టాకీసుకొచ్చేటాళ్లకు గాడ పాతబడ్తది. దానెంట ఉరికితే ఎప్పుడూ ఎనుకనే ఉంటవు" అంది. మొహానికి పౌడరు వేసి చేతులు వదిలేస్తే లైట్ల కింద మొహం బూడిద పూసినట్టు ఉంటుందని, ఉన్న రంగుతోనే నిలబడమని చెప్పింది. నా రంగుకు ఆవపువ్వు పసుపు చీర ఎంచి, నల్లకుంటలో టైలర్ దగ్గర దగ్గరుండి జాకెట్టు కుట్టించింది. చెప్పులు పాతవే వేసుకోమంది. కరిచే చెప్పు వేసుకున్నమ్మాయి మొహంలో చీర కనిపించదు, చెప్పే కనిపిస్తుంది అనేది. పిన్నులు, సూది దారం, దువ్వెన నీవి నువ్వు తీసుకుపో, అడుక్కోవద్దు. కడుపునిండా తినిపో, ఆకలితో ఉన్నవాళ్లు దేనికైనా తలూపుతారు. ఇవన్నీ ఆమె కూరగాయలు తరుగుతూ చెప్పిన మాటలు.

ఒకరోజు నేను, "బొంబాయి పిల్లలు ఇంగ్లీషు మాట్లాడతారు, అద్దాల ముందర పెరిగింటారు, వాళ్ల ముందర నేనేం గెలుస్తానక్కా" అన్నాను. అక్క కత్తిపీట పక్కకు జరిపింది.

"నీ పక్కన నిలబడ్డ పిల్లను దుష్మన్ అనుకోకు. మీ ఇద్దరినీ ఆడ నిలవెట్టినోడెవడో గాన్ని సూడు. ఫొటో తీసేటోని పేరడుగు. గా ఫొటో ఏడికి పోతదో అడుగు. అడిగితే ఛాన్స్ పోతదా? గట్ల పోయే ఛాన్స్ పోనీ."

పోటీ రోజు హాలు నిండింది. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. నాకంటే ముందు పిలిచిన అమ్మాయి తలవంచుకుని వచ్చి వాళ్ల కాళ్లకు దండం పెట్టింది. ఆ తర్వాతి అమ్మాయిని, నీ గురించి చెప్పమంటే, గోత్రం చెప్పి, వంట వచ్చు, అల్లికలు వచ్చు అంది. ముగ్గురూ పగలబడి నవ్వారు. హాలూ నవ్వింది. ఆ పిల్ల కళ్లనీళ్లతో దిగిపోయింది. ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పుట్టినప్పటి నుంచి చూపులకే తయారుచేసిన పిల్లను ఒక్క పూటలో ఇంకేదో కమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది? వెనక వరసలో అక్క లేచి నిలబడింది. నవ్వు ఆగేదాకా కూర్చోలేదు.

నా వంతు వచ్చింది. చీరను చూపించాను. నచ్చింది. బొంబాయికి నన్ను తీసుకుంటున్నామని అక్కడే చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం ఆబిడ్స్‌లో మిల్లువాళ్లు దిగిన హోటల్‌కు వస్తే కొలతలు తీసుకుని కాగితాల మీద సంతకాలు చేయించుకుంటామన్నారు. ఆ రాత్రి మా అమ్మ పాయసం చేసింది.

మర్నాడు అక్క సెలవు పెట్టి నాతో వచ్చింది. మిల్లు తరఫు మనిషి, సూటు వేసుకున్నవాడు, గది తలుపు దగ్గరే మమ్మల్ని ఆపాడు. అమ్మాయి ఒక్కతే లోపలికి రావాలన్నాడు. అక్క హిందీలో అడిగింది, కొలతలు తీసే ఆడమనిషి ఎవరని. ఎవరూ లేరు, నేనే తీస్తానన్నాడు. మెడలో టేపు వేసుకుని ఉన్నాడు.

"కొలతలకు టేపు కావాలె. తలుపు మూసుడెందుకు?" అంది అక్క. ఈసారి తెలుగులోనే అంది. వాడికి అర్థమైంది. టేపు ఇటివ్వు, ఇక్కడే వరండాలో నేను కొలుస్తాను, నువ్వు రాసుకో అని చెయ్యి చాపింది. వాడు ఇవ్వలేదు. ఇలా షరతులు పెట్టే పిల్ల మాకు వద్దు, జాబితాలో తర్వాతి అమ్మాయిని పిలుస్తాం, ఇప్పుడే తేల్చుకోండి అన్నాడు.

అక్క నా వైపు తిరిగింది. "నేనేం చెప్పను పిల్లా. ఛాన్స్ నీది. నువ్వే చెప్పు" అంది.

నాన్న ఇచ్చిన ఆ ఒక్కసారీ ఆ తలుపు అవతల ఉంది. నాకు అది కావాలి. ఎంత కావాలో ఇన్నేళ్లకు కూడా చెప్పలేను. వాడు తలుపు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. పోదాం పా అక్కా అన్నాను.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ కోపంతో దీన్ని ముగించడం నాకు ఇష్టం లేదు. మిల్లు మనిషి అంతటా ఏం చెప్పుకున్నాడో గానీ, నా ఛాన్స్ అక్క చెడగొట్టిందని తార్నాకంతా అంది. ఆ క్యాలెండర్‌దానితో తిరిగితే ఇంతేనంది. తలుపు మూయబోయినవాడిని మాత్రం మళ్లీ ఎవరూ ఏమీ అనలేదు. ఇంటాయన వచ్చి అక్కను వాటా ఖాళీ చేయమన్నాడు. గొంతెత్తి మాట్లాడడం తెలియని మా అమ్మ వీధిలోకి వచ్చి, "ఆయమ్మ లేకుంటే నా బిడ్డ ఆ తలుపుకు అవతల ఉండేది. ఆయమ్మను పొమ్మంటే మేమూ పోతాం" అంది. ఇంటాయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాన్న నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు. నేను చదువు పూర్తిచేసి లెక్చరర్‌నయ్యాను. స్టేజీ మళ్లీ ఎక్కలేదు.

హోటల్ నుంచి ఆ రోజు బస్సులో క్యాంపస్ దాకా ఏడుస్తూనే వచ్చాను. హాస్టల్ దగ్గర స్టాపులో దిగాం. కాలేజీలు వదిలిన వేళ, స్టాపు నిండా పిల్లలు. అక్క నా మొహం చూసింది.

"ఓడిపోయినవా, గట్ల ఏడుస్తున్నవు?"

"గెలిచి పోగొట్టుకుంటి గదక్కా. బొంబాయిలో ఎట్ల నడుస్తారో చూడనేలేదు."

అక్క తన సంచి నా చేతిలో పెట్టింది. కొంగు ఒక్కసారి దులిపి సర్దుకుంది. "ఇగో, సూడు" అంది.

హాస్టల్ వైపు రోడ్డు మీద నడిచింది. మేట్రన్ తెల్లచీర, కాళ్లకు హవాయి చెప్పులు. సినిమాల్లో చూసిన ఊపు ఒక్కటీ లేదు. భుజాలు కదల్లేదు. కుచ్చిళ్లు మాత్రం విచ్చుకుంటూ ముడుచుకుంటూ ముందుకు పోయాయి. సగం దారిలో ఆగి, అంచు మొత్తం కనబడేలా తిరిగి, మా అందరినీ దాటి ఎక్కడికో చూసింది. స్టాపులో ఎవడో ఈల వేయబోయి సగంలో ఆపేశాడు. ఎదురుగా వచ్చిన బస్సు ఆగింది. ఎక్కాల్సినవాళ్లు ఎక్కారు, దిగాల్సినవాళ్లు దిగారు. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. కండక్టర్ ఫుట్‌బోర్డు మీద నిలబడి, గంట తాడు చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. తాడు లాగలేదు. డ్రైవర్ కూడా ఏమీ అడగలేదు. అక్క మలుపు తిరిగి హాస్టల్ చెట్ల వెనక్కి వెళ్లేదాకా ఆ బస్సు అక్కడే నిలబడి ఉంది.