యంగ్ స్కిల్లెట్ నుదుటి గీత

యంగ్ స్కిల్లెట్‌ని ఏదైనా అడగండి, నిజమే చెప్తాడు. ఎవరి చేతిలో తన్నులు తిన్నాడో చెప్తాడు, ఏ పిల్ల తనని కాదని వెళ్ళిపోయిందో చెప్తాడు. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన సంగతి ఏకంగా పాటలోనే పెట్టాడు. ఒక్క తన నుదుటి గీత గురించి మాత్రం జన్మలో నిజం చెప్పడు. అడిగినవాళ్ళందరికీ తలా ఒక కొత్త అబద్ధం చెప్తాడు, అదీ చర్చిలో నిలబడి బైబిల్ చదువుతున్నంత గంభీరంగా.

దక్షిణ మెంఫిస్‌లో మగాడి చొక్కా చిరిగినా ఎవరూ పట్టించుకోరు గానీ, నుదుటి మీద జుట్టు మొదలయ్యేచోట గీత మాత్రం స్కేలు పెట్టి కొట్టినట్టుండాలి. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ర్యాప్ పాడి దేశమంతా పేరు తెచ్చుకున్న ఈ పిల్లాడి గీత ఎడమ కణత దగ్గర బుద్ధిగానే బయల్దేరేది. సగం దారిలో దానికేమయ్యేదో, గట్టెక్కి, నడినెత్తి దాకా పోయి, అక్కడ సిగ్గుపడి కుడి కణతకి దిగొచ్చేది. "వీడి నుదురు టెనెసీలో మొదలై పక్క రాష్ట్రం మిసిసిపీలో తేలుతుందిరా నాయనా!" అనేవాడు చర్చి పెద్ద డీకన్ హోబర్ట్.

"ఏంట్రా అది?" అని ఆయనే ఒకసారి అడిగాడు.

"గాలి తగలాలి డీకన్. మెదడు వేడెక్కితే ప్రాస రాదు."

రేడియోవాళ్ళు అడిగితే, "మా వంశం గుర్తండీ. మాలో తిన్నగా పుట్టినవాడు ఒక్కడూ లేడు" అన్నాడు. పోలీసాయన కారు ఆపి, లైసెన్సు మీద ఫొటోకీ మొహానికీ పొంతన లేదేమని గద్దిస్తే, చేతులు రెండూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టి, "కుడివైపు తిరిగి పడుకుంటాను సార్, అటు అరిగిపోయింది" అన్నాడు. ఆయన నవ్వాపుకోలేక పొమ్మన్నాడు. పాస్టరుగారు అడిగితే ఆయనకి ఆయన తరహాలోనే జవాబొచ్చింది: "మన తల వెంట్రుకలన్నీ దేవుడు లెక్కపెట్టాడంటారుగా పాస్టరుగారూ? లెక్కపెట్టేటప్పుడు ఓ గుప్పెడు ఆయన చేతికొచ్చేసి ఉంటాయి."

ఈ అబద్ధాలు విని మెంఫిస్ అంతా పొట్ట పట్టుకునేది. నవ్వని మనిషి ఒక్కతే, వొనెట్టా. ఎలా నవ్వుతుంది మరి? ఆ గీత గీసింది ఆమె తాత.

తాత పేరు మిస్టర్ ఆర్లిస్. సెలూన్‌లో రెండు కుర్చీలు, మొదటిది ఆయనది, రెండోది మనవరాలిది. ఒకప్పుడు ఆ పేటలో చెయ్యి అంటే ఆయనదే చెయ్యి. పెళ్ళికొడుకులు ఆయన కుర్చీలోంచి లేచే చర్చికి వెళ్ళేవాళ్ళు. శవపేటికలో పడుకున్నవాళ్ళకి కూడా ఆయనే వెళ్ళి, పక్కన కూర్చుని, చివరి గీత గీసొచ్చేవాడు. భార్య లూలా చనిపోయిన చలికాలంలో ఆయన కుడిచేతికి వణుకు పట్టుకుంది. మందులు మింగాడు, వణుకు పోలేదు.

ఆ మాట ఆయన మొహం మీద ఎవరూ అనలేదు. అనకుండానే ఒక్కొక్కరూ రెండో కుర్చీకి జరిగారు. "మిమ్మల్ని శ్రమపెట్టడం ఎందుకులెండి" అన్నాడొకడు. "ఇటువైపు కిటికీలోంచి చలిగాలి కొడుతుందండీ" అన్నాడింకొకడు, మండిపోయే ఆగస్టు నెలలో. డీకన్ హోబర్ట్ నలభై ఏళ్ళ స్నేహితుడాయె, ఆ కుర్చీలో కూర్చోలేడు, ఈ కుర్చీకి మారలేడు. కటింగే మానేసి టోపీ పెట్టుకోవడం మొదలెట్టాడు. ఎండలోనూ, వానలోనూ, ఆఖరికి ప్రార్థనలోనూ తియ్యలేదు ఆ టోపీ.

మొదటి కుర్చీకి చివరికి ఒక్క తలే మిగిలింది. అది టెవిన్‌ది. యంగ్ స్కిల్లెట్ అసలు పేరు అదే. స్కిల్లెట్ అంటే వాళ్ళ అమ్మమ్మ మొక్కజొన్న రొట్టె కాల్చే ఇనప మూకుడు. చిన్నప్పుడు దాని మీద గరిటెతో వాయిస్తూ పాడి, అదే గరిటెతో దెబ్బలు తినేవాడు. ఆ పేరే నిలిచిపోయింది.

వాడి పాట మొదటిసారి నలుగురి చెవిన పడింది ఈ సెలూన్‌లోనే, ఆ వణుకు రాకముందు. బడి ఎగ్గొట్టి వచ్చి బెంచీ మీద కూర్చుని తనలో తాను ఏదో గొణిగేవాడు. కటింగ్ మిషను రొదలో ఒక్క ముక్క వినపడేది కాదు. ఒక రోజు మిస్టర్ ఆర్లిస్, డీకన్ తల సరిగ్గా సగం అయ్యేసరికి, మిషను కట్టేశాడు.

"ఏమైంది ఆర్లిస్? కరెంటు పోయిందా?"

"పిల్లాడు పాడుతున్నాడు."

"నా సగం తల సంగతో?"

"అది ఎక్కడికీ పోదు. నోరు మూసుకుని విను."

డీకన్ సగం తలతో విన్నాడు, షాపంతా విన్నది. వాడు చెమటలు కక్కుతూ మూడు చరణాలు పూర్తి చేసేదాకా మిస్టర్ ఆర్లిస్ మిషను మళ్ళీ వెయ్యలేదు. అయ్యాక, "మధ్యలో మింగేస్తున్నావు, అక్కడ ఊపిరి తీసుకో" అని చెప్పి డీకన్ రెండో సగానికి వెళ్ళాడు. ఆ తర్వాత వాడు వచ్చినప్పుడల్లా ఎవరిదో ఒకరి తల సగంలో ఆగిపోయేది. కోపం వచ్చినవాళ్ళు కూడా కొన్నాళ్ళకి కాలితో తాళం వెయ్యడం నేర్చుకున్నారు.

తర్వాత వాళ్ళ పిన్ని ఇంట్లో బట్టల అలమారలో దూరి, చుట్టూ దుప్పట్లు వేలాడదీసుకుని పాడి రికార్డు చేసిన పాట ఫోన్లలో పడి ఊళ్ళు దాటింది. పేటలోని స్కేటింగ్ హాల్లో పాడినవాడు నాష్‌విల్లో పాడాడు, హ్యూస్టన్‌లో పాడాడు. వాళ్ళమ్మ ఇంటికి కారని కప్పు వేయించాడు. అయితే వాన పడనీ, పిడుగు పడనీ, శుక్రవారం మధ్యాహ్నానికి మొదటి కుర్చీలో ఉండాల్సిందే. చికాగోలో వాడి కచేరీ పెట్టించిన ఒకాయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడట.

"రేపు టీవీవాళ్ళు వస్తారయ్యా, నువ్వు వెళ్తే ఎలా?"

"నాకు కటింగ్ ఉందండీ."

"చికాగోలో సెలూన్లే లేవా?"

"ఉన్నాయి. నా జుట్టుకి ఇక్కడి నీళ్ళు పడవు."

ఆ తలతోనే వాడు వేదికలెక్కాడు, ఆ తలతోనే ఫొటోలు దిగాడు. ఫోన్లలో జనం ఊరుకుంటారా? "ఈ కటింగ్ చేసినవాణ్ణి పట్టిస్తే బహుమతి" అని ఒకడు. "భూకంపంలో చేయించుకున్నాడా?" అని ఇంకొకడు. అవన్నీ చదివి వొనెట్టా ఫోను బోర్లా పడేసేది. తాత ఫోను చూసే మనిషి కాదు గనక సరిపోయింది. ఎన్నాళ్ళు సరిపోతుంది?

ఒక శుక్రవారం తాత లోపల కునుకు తీస్తుంటే, షాపు వెనక మెట్ల మీద పంది పక్కటెముకలు తింటున్న టెవిన్‌ని ఆమె పట్టుకుంది.

"నా కుర్చీలో కూర్చో. ఐదు నిమిషాలు. తాతకి తెలియకుండా సరిచేస్తాను."

"నీ కుర్చీ ఎత్తు. నాకు కళ్ళు తిరుగుతాయి."

"వేళాకోళం చాలు టెవిన్! జనం నీ తల చూసి నవ్వుతున్నారు, నువ్వు ఆ నవ్వు అమ్ముకుంటున్నావు. ఆ గీత ఎవరి చేతిదో ఏదో ఒక రోజు బయటపడుతుంది. ఆ రోజు మా తాత మిషను కింద పెట్టేస్తాడు. అది కింద పెడితే ఆయన మంచం ఎక్కుతాడు. ఆ పాపం నీదే."

వాడు ఎముకని శుభ్రంగా చీకాడు, వేళ్ళు తుడుచుకున్నాడు, చాలాసేపు ఆలోచించాడు.

"వంకరగా ఉంటే టోపీ జారదు" అన్నాడు.

చేతిలో ఉన్న చల్లటి టీ గ్లాసు వాడి మొహాన కొట్టబోయి, గ్లాసు తాతది గనక ఆగింది. వీడికి సిగ్గూ శరమూ లేవని ఆ రోజే తీర్మానించుకుంది.

వసంతంలో వాడి మొదటి ఆల్బం ఖాయమైంది. పాటలన్నీ అయ్యాయి, అట్ట మీద ఫొటో ఒక్కటే మిగిలింది. ఫోను చేస్తే వాడు దొరకడం లేదని అట్లాంటా నుంచి పాటల కంపెనీ మనిషి రోషెల్ మేడమే, ఫొటోగ్రాఫరునీ, వెండిరంగు పెట్టె పట్టుకున్న ఒక పెద్ద బార్బరునీ వెంటబెట్టుకుని, శుక్రవారం మధ్యాహ్నం తిన్నగా సెలూన్‌లోకే వచ్చేసింది. టెవిన్ మొదటి కుర్చీలో, మెడ చుట్టూ గుడ్డతో ఉన్నాడు. మిస్టర్ ఆర్లిస్ అప్పుడే మిషను చేతిలోకి తీసుకున్నాడు.

"బాబూ, కంపెనీ మాట ఒక్కటే. గీత తిన్నగా ఉంటే ఆల్బం వస్తుంది, లేకపోతే రాదు. ఈయన పది నిమిషాల్లో సరిచేస్తాడు" అంది రోషెల్ మేడమ్. వాడి నుదురు వంక ఒకసారి చూసి, నిట్టూర్చి, "ఇంతకీ ఈ ఘనకార్యం చేసిన మహానుభావుడెవరు? ఎన్నిసార్లు అడిగినా చెప్పవేం?" అంది.

డీకన్ టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు. వొనెట్టా తాత చేతివంక చూసింది. మిషను ఆ చేతిలో వణుకుతూనే ఉంది. అయిపోయింది, ఇన్నాళ్ళు భయపడ్డది ఇవాళే, అనుకుంది.

టెవిన్ గుడ్డతో సహా లేచి నిలబడ్డాడు.

"నేనే" అన్నాడు, చర్చి గొంతుతో. "నేనే మేడమ్. మిస్టర్ ఆర్లిస్ తిన్నగానే గీస్తాడు. ఇంటికెళ్ళి నేనే పాడుచేసుకుంటాను. అదో అలవాటు, గోళ్ళు కొరుక్కున్నట్టు."

వొనెట్టాకి అప్పుడు గుర్తొచ్చాయి వాడి అబద్ధాలన్నీ, ఒకటి వెంట ఒకటి. గాలి అన్నాడు, వంశం అన్నాడు, నిద్ర అన్నాడు, నీళ్ళు అన్నాడు. ఆఖరికి దేవుడి మీద కూడా నేరం మోపాడు. అన్ని ఊళ్ళలో, అంతమంది మొహం మీద అడిగినా, తాత మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు. ఇలాంటివాడినా తను సిగ్గు లేదని తిట్టుకుంది!

"అయితే ఇంకేం, ఈయన్ని చెయ్యనీ" అంది రోషెల్ మేడమ్.

"కుదరదు మేడమ్. ఈ తల మీద మిస్టర్ ఆర్లిస్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదు. ఆల్బం వద్దంటే వద్దు. పిన్ని అలమార ఇంకా ఖాళీగానే ఉంది."

ఆ మాట అబద్ధం కాదని అందరికీ తెలిసిపోయింది. ఇక వెళ్ళిపోదామన్నట్టు రోషెల్ మేడమ్ చేతిసంచీ మూసింది.

"కూర్చోరా అబద్ధాలకోరు వెధవా" అన్నాడు మిస్టర్ ఆర్లిస్. వాడు టక్కున కూర్చున్నాడు. "నాకు వణుకు చేతికిరా, కంటికి కాదు. ఆ గీత నాకు కనపడదనుకున్నావా? వారం వారం తిన్నగా తీసుకెళ్దామనే చూస్తాను. వారం వారం అది నీ నెత్తెక్కి కూర్చుంటుంది."

"మరి తెలిసీ ఎందుకు చేశావు తాతా?" అంది వొనెట్టా.

"వీడు వచ్చి కూర్చునేవాడు కదమ్మా. మీ నానమ్మ పోయాక పొద్దున్నే లేవడానికి నాకింకేముంది? శుక్రవారం కుర్చీలో ఒక తల ఉంటుందంటే, గురువారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి."

డీకన్ హోబర్ట్ మెల్లిగా లేచి, టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు. ఏళ్ళ తరబడి దాచిన ఆ జుట్టు ఒక్కసారి బయటపడేసరికి అట్లాంటా బార్బరు రెండడుగులు వెనక్కి వేసి తన పెట్టెకే తగులుకున్నాడు.

"వీడయ్యాక నాది, ఆర్లిస్" అన్నాడు డీకన్. "సగంలో ఆపేసినా పర్వాలేదు."

"వొనెట్టా, ఇలా రామ్మా" అన్నాడు తాత. "ఇక్కడ పట్టుకో. మిషను నాదే, నువ్వు మణికట్టు పట్టు చాలు."

ఆమె ఆయన మణికట్టు కింద అరచెయ్యి పెట్టింది. ఎముకలే తగిలాయి. ఆ చెయ్యి కాసేపు కొట్టుకుని, సర్దుకుంది. మిషను ఎడమ కణత దగ్గర బయల్దేరింది. టెవిన్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, వేలమంది ముందు భయం లేకుండా పాడేవాడు ఊపిరి కూడా తీసుకోలేదు. గీత నుదుటి మధ్యకి తిన్నగా వచ్చింది, దాటింది, ముందుకే వెళ్ళింది. కుడి కణత ఇంకా బెత్తెడుందనగా ఆయన చెయ్యి చిన్నగా అదిరింది. ఆపాలంటే ఆమె ఆపగలిగేదే. ఆపలేదు, ఆ కాస్తా ఆయన్నే గియ్యనిచ్చింది.

మిస్టర్ ఆర్లిస్ మెడ మీద పౌడరు అద్ది, గుడ్డ దులిపి, అద్దం చూపించాడు. టెవిన్ అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. రోషెల్ మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వంగింది.

"బాగుంది. చాలా బాగుంది. కానీ ఈ చివర కాస్త పైకి వెళ్ళినట్టుందే, ఏమిటిది?"

టెవిన్ నోరు తెరిచాడు. వాడి కంటే ముందే, స్కేలు పెట్టి కొట్టినట్టు తప్ప గీత గియ్యడం ఎరగని వొనెట్టా, చర్చిలో నిలబడి బైబిల్ చదువుతున్నంత గంభీరంగా జవాబిచ్చింది.

"గాలి తగలాలి మేడమ్. మెదడు వేడెక్కితే ప్రాస రాదు."