అత్త వెనుక నూరడుగుల దూరంలో

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది అనుమానమే. తలుపు కొట్టింది ఎవరో గొంతు పోల్చుకునేదాకా మా నాయనమ్మ గడియ తీసేది కాదు. రజాకార్ల రోజుల్లో పట్టుకున్న అలవాటు అది. ఆ గడబిడ అణిగి ఏడెనిమిదేళ్లయినా ఆమెను వదల్లేదు. ఆమె దగ్గర పెరిగినదాన్ని కాబట్టి నాకూ ఆ గుణమే అబ్బింది. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని ఆలోచించేదాన్ని.

అప్పుడు మేము వికారాబాదులో, గుట్టకు పోయే బాట పక్కన ఉండేవాళ్లం. నాకు పదేళ్లు. అంతకు ముందు ఏడాది నెల రోజులు జ్వరపడి లేచాను. ఇక అప్పటి నుంచి నాయనమ్మ నన్ను బడికి తప్ప గడప దాటనిచ్చేది కాదు. పూటపూటా నెయ్యి రాసిన జొన్నరొట్టె పెట్టి, నీడలో కూర్చోబెట్టి, బాలింతను చూసినట్టు చూసింది. ఒళ్లు వచ్చింది గాని బలం రాలేదు. బడి రెండు వీధుల అవతలే. అక్కడికి పోయేలోగా రెండుచోట్ల అరుగుల మీద కూలబడేదాన్ని. చివరికి బడి కూడా మానేశాను.

అలాంటి రోజుల్లో మా మేనత్త ఇంటికి వచ్చింది. మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. తాండూరులో ఇచ్చారు. మామయ్య అక్కడి బండల గనిలో పని చేసేవాడు. పెళ్లైన మూడేళ్లకు అత్తకు క్షయ సోకింది. అనంతగిరి గుట్ట మీది దవాఖానలో పది నెలలు ఉండి, నయమై కిందికి దిగింది. అత్తగారి వాళ్లు మాత్రం కొన్నాళ్లు పుట్టింట్లోనే ఉండనీయమని కబురు పెట్టారు. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు. మా నాయనమ్మ కన్నకూతుర్ని చూసి ఏడ్చింది, తల నిమిరింది, ఆ వెంటనే ఆమెకు వేరే చెంబు, వేరే పళ్లెం తీసి పెట్టింది. అత్త వాటిని చూసింది. రోజూ తానే కడుక్కుని వేరే గూట్లో బోర్లించుకునేది.

వచ్చిన వారానికే అత్త తెల్లవారుజామున లేచి ఎటో పోవడం మొదలుపెట్టింది. కొంగు నడుముకు దోపుకుని, చెంబు చేతపట్టుకుని బయల్దేరేది. గంటన్నరకు గాని తిరిగి వచ్చేది కాదు. చెంబు ఉంది కదా, బయటికి పోతోందేమో అని మొదట ఎవరూ పట్టించుకోలేదు. పక్కింటి అక్క మాత్రం పట్టించుకుంది.

"గుట్ట దిక్కు పోతున్నదవ్వా. కట్టెలు తేదు, ఆకు తేదు, ఉత్త చేతులతోని వస్తది. గాడ దవాఖానల శానమంది మొగోళ్లు ఉంటరు గద. జర చూసుకో," అని నాయనమ్మ చెవిలో వేసింది.

ఆ కాలంలో మా వాళ్లందరూ నడిచేవాళ్లే. నీళ్లకు, చేనుకు, మేకల వెంట, ధారూరు సంతకు పొద్దంతా నడిచేవాళ్లు. కాని ఏ పనీ లేకుండా నడిచే మనిషి ఉంటుందని ఎవరి ఊహకూ అందేది కాదు. అత్త ఉత్త చేతులతో తిరిగి వస్తుందంటే ఇంకేదో దాస్తున్నట్టే లెక్క. ఈ మాట తాండూరు దాకా పోతే అసలే వెనకాడుతున్న అత్తగారి వాళ్లు తలుపులు పూర్తిగా మూసేస్తారని నాయనమ్మ వణికిపోయింది. నా ఆరోగ్యం మీది దిగులు కన్నా కూతురి మీది అనుమానం పెద్దదైంది. నన్ను వంటింట్లోకి పిలిచింది.

"రేపటికెళ్లి నువ్వు దాని ఎంబడి పో. కనబడకుంట పో. యాడికి పోతది, ఎవరితోని మాట్లాడుతది, చూసొచ్చి నాకొక్కదానికే చెప్పు."

ఇన్నాళ్ల తర్వాత గడప దాటడం, అదీ ఇంత పెద్ద పని మీద. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మరునాడు అత్తకు నూరడుగుల వెనక బయల్దేరాను. ఊరి చివర కాలువ మీది మోరీ దాకా పోయేసరికి నా గుండె డప్పులా కొట్టుకుంది. కూలబడిపోయాను. అత్త మలుపు తిరిగి మాయమైంది. ఇంటికొచ్చి మోరీ వరకే చూశానని చెబితే నాయనమ్మ పెదవి విరిచింది. నాకు కోపం వచ్చింది. ఆ మలుపు అవతల ఏముందో తెలియకపోవడం నన్ను రోజంతా కొరికింది. రెండోరోజు మోరీ మీద కూర్చుని లేచి, మలుపు దాకా పోయాను. అక్కడ అత్త బాట పక్కన రాయి మీద కూర్చుని పాదంలో ముల్లు తీసుకుంటోంది. నేను పొద చాటున నక్కి ఊపిరి తీసుకున్నాను. ముల్లు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. నేను తేరుకున్నాక ఆమె లేచింది.

నాలుగో రోజు నాకు ఇంకో అనుమానం వచ్చింది. ఈమెకు రోజూ ముల్లు ఎందుకు గుచ్చుకుంటుంది, అదీ సరిగ్గా నేను అలసిపోయిన చోటే? బహుశా ఎవరికోసమో ఆగుతోందనీ, ముల్లు ఒక నెపమనీ తేల్చుకున్నాను. ఆ ఎవరో కనబడేదాకా వదలకూడదనుకున్నాను. అలా పది రోజుల్లో మోరీ దాటి, మొదటి మలుపు దాటి, సీతాఫలం పొదల మధ్య ఎక్కుడు బాట పట్టి, రెండో మలుపు దాకా పోగలిగాను. ఇంటికొచ్చి రెండు రొట్టెలు అడిగి తినేదాన్ని. నాయనమ్మ అది గమనించలేదు, నేనూ గమనించలేదు. మా ఇద్దరి ధ్యాసా అత్త మీదే.

పదకొండో రోజు ఆ మనిషి కనిపించాడు. పై నుంచి సైకిలు మీద దిగి వస్తూ అత్తను చూసి ఆగాడు. ఖాకీ చొక్కా, తెల్ల మీసాలు. దవాఖాన చప్రాసీ. మా తాతయ్య ఉండి ఉంటే అంత వయసు ఉండేది. జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. అత్త దాన్ని కళ్లకు అద్దుకుని రవికెలో దాచుకుంది.

నేను ఇంటికి పరుగెత్తాను. అంత దూరం పరుగెత్తగలిగానని అప్పుడు నాకు తట్టనేలేదు. నాయనమ్మతో మగమనిషి అన్నాను, సైకిలు అన్నాను, కాగితం అన్నాను, కళ్లకు అద్దుకుంది అన్నాను. తెల్ల మీసాల సంగతి చెప్పలేదు. మరిచిపోయి కాదు. చెబితే నేను తెచ్చిన వార్త చిన్నదైపోతుందని.

మరునాటి తెల్లవారుజామున నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంది. అత్త చెంబు పట్టుకుని వచ్చి చూసింది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలే. ఇంట్లనే ఉండు."

అత్త నా వైపు ఒక్కసారి చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు ఆమె పెరట్లోనే గోడ వెంబడి గుండ్రంగా తిరిగింది. గానుగెద్దులా తిరుగుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. అంతకన్నా వింత ఏమిటంటే, కోడి కూసేసరికి నాకు మెలకువ వచ్చేది. కాళ్లు ఊరికే ఉండేవి కావు. రెండో మలుపు అవతల ఏముందో ఇంకా చూడలేదు. ఆకలి సరిగా వేయలేదు. ఏదో పోగొట్టుకున్నట్టు అరుగు మీద కూర్చునేదాన్ని. ఒకవైపు అత్త తప్పు చేస్తోందని నమ్మాలని ఉంది. ఇంకోవైపు నేను దాచిన ముక్క మాటిమాటికీ గుర్తొచ్చింది.

మూడో రోజు సాయంత్రం చెప్పేశాను. "అవ్వా, గాయన ముసలోడు. మీసాలు తెల్లగున్నయి. దవాఖాన చప్రాసీ."

నాయనమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి వెళ్లి కూతురి ముందు కూర్చుని కాగితం అడిగింది. అత్త తీసి ఇచ్చింది. మా నాన్న వచ్చి చదివాడు. ఛాతీలో రోగం ఆనవాలు లేదని, మనిషి ఇంటిపని, బయటిపని చేసుకోవచ్చని డాక్టరు రాసిన చీటీ అది. తాండూరుకు పంపాలని అత్త దానికోసం నెల రోజులుగా ఎదురుచూస్తోంది. మరి అడిగితే చెప్పొచ్చు కదా అని నాయనమ్మ నిలదీసింది.

"నువ్వు ఎన్నడన్న అడిగినవానే?" అంది అత్త. మరునాడు నాయనమ్మ గుమ్మం దగ్గర చాప వేయలేదు.

చీటీ సంగతి కబురు పంపిన నాలుగు రోజులకు తాండూరు రైల్లో మామయ్య, ఆయన తల్లి వచ్చారు. ఆవిడ భారీ మనిషి, పెద్ద గొంతు. అనుమానంలో మా నాయనమ్మకే పాఠాలు చెప్పగలదు. చీటీని అటూ ఇటూ తిప్పి మా నాన్నకు ఇచ్చేసింది.

"కాయితమేముంది ఒదినె, ఎవరన్న రాస్తరు. లోపల ఊపిరి ఎట్లున్నదో కాయితానికేం ఎరుక?" అంది.

మామయ్య తల వంచుకుని కూర్చున్నాడు. అత్తే ముందుకు వచ్చింది. "కాయితం వద్దత్తమ్మా. రేపు పొద్దుగాల నాతోని గుట్ట దాక నడువుండ్రి. ఎవరి ఊపిరి ఎట్లున్నదో మీరే చూస్తరు."

పొద్దున్నే అత్త, వాళ్ల అత్తగారు, నేను బయల్దేరాం. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే పోయాను. మోరీ దగ్గర ఆవిడ మాట్లాడుతూనే ఉంది. మొదటి మలుపు దగ్గర మాటలు తగ్గాయి. ఎక్కుడు బాటలో పూర్తిగా ఆగిపోయాయి. రెండో మలుపు దగ్గర రాయి మీద కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుంటూ అత్తనే చూసింది. అత్త నుదుట చెమట ఉంది గాని ఊపిరి మామూలుగానే ఆడుతోంది. దగ్గు లేదు.

"దూప అయితున్నది," అంది ఆవిడ.

అత్త ఇంట్లో తాను తాగే ఆ వేరే చెంబే అందించింది. ఆవిడ మొదట పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకుంది. ఆయాసంతో సగం నీళ్లు మీద ఒలికిపోయాయి. ఒక్క క్షణం చెంబు వైపు చూసింది. తర్వాత నోటికి ఆనించుకుని గడగడా తాగేసింది. అత్త మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె భుజాలు కదలడం నేను చూశాను.

ఆవిడను అక్కడే కూర్చోబెట్టి, అత్త నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయింది. చివరికి ఒక బల్లపరుపు బండ వచ్చింది. కింద కంది చేలు, పొగమంచు, ధారూరు వైపు పోతున్న రైలు పొగ. ఇంకేమీ లేదు.

"గింతేనా అత్తా?" అన్నాను. నాకు నిజంగా మోసపోయినట్టు అనిపించింది.

"గింతే కోడలా."

"మరి రోజూ ఎందుకొస్తవ్?"

"మొదట్ల డాక్టరు నడువుమన్నడని వచ్చిన. ఏడ్చుకుంట వచ్చిన. తర్వాత ఇయ్యాల ఎంత దూరం పోతనో చూద్దామని వచ్చిన. ఇప్పుడు రాకుంటే తోచది." ఆగి నవ్వింది. "నువ్వేమో కాళ్లకు పట్టీలు పెట్టుకొని దొంగతనంగ ఎంబడి వస్తివి. మొదటి రోజే చప్పుడు ఇన్న. నడువుమని చెప్తె నువ్వు అరుగు దిగుతువా? అందుకే రోజు జర ఎక్కువ దూరం నడిపిచ్చిన. నా కాలికి ముల్లు ఎన్నడు గుచ్చుకోలే."

నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. నిజమే, ఘల్లుఘల్లుమనే పట్టీలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మగమనిషి అని చెప్పిన సంగతి ఒప్పుకుని ఏడ్చాను. ఆమె అంతా తెలిసినట్టే తల నిమిరింది.

ఆ సాయంత్రం బండికే అత్తను తాండూరు తీసుకుపోయారు. మర్నాడు కోడి కూసింది. వెంబడించడానికి ఎవరూ లేరు, చూసి రమ్మనేవాళ్లూ లేరు. బండ మీద ఏమీ లేదని కూడా తెలుసు. అయినా లేచి, తలుపు చప్పుడు కాకుండా తీసి, ఒక్కదాన్నే ఆ బండ దాకా పోయి వచ్చాను. ఆ వారమే బడికి మళ్లీ పోయాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇంకా నడుస్తున్నాను. వాన పడినా, మోకాలు సలిపినా, ఇవాళ ఎందాకా పోతానో చూద్దామని లేస్తాను. ఆ మాట అనుకుంటే చాలు, కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఎవరికీ నడవమని సలహా మాత్రం ఇవ్వను. సలహా విని అరుగు దిగినవాళ్లను నేను చూడలేదు. ఎదురింటి కోడలికి చిన్న వయసులోనే షుగరు వచ్చింది, గది దాటి రాదు. తెల్లారి ఎటు పోతున్నారని ఒకరోజు కిటికీలోంచి అడిగింది. "నీకు చెప్పేది కాదులే," అని వచ్చేశాను. నిన్న వీధి చివర వేపచెట్టు దాకా నా వెనకే వచ్చింది, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ. నేను వెనక్కి తిరగలేదు. చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు కాసేపు వంగి నిలబడ్డాను.