బెల్లం వండే ఇంట్లో షుగరు

కొర్రలు కొందామని బెజవాడ వన్ టౌన్ వెళ్ళిన రోజు, తోపుడుబళ్ళనీ ఆటోలనీ తప్పించుకుంటూ నడుస్తుంటే పక్క కొట్లోంచి గుప్పున కొత్తబెల్లం వాసన తగిలింది. గోనెపట్టాల మీద పేర్చిన అచ్చులు ఎండకి చెమర్చి మెరుస్తున్నాయి, వాటి చుట్టూ కందిరీగలు తిరుగుతున్నాయి. నాకు షుగరు మొదలైందని డాక్టరమ్మ చెప్పి అప్పటికి వారం కూడా కాలేదు. మాత్ర రాసి, తిండి మార్చుకోమనీ రోజూ నడవమనీ ఆవిడ చెబుతుంటే పక్కన కూర్చున్న మా ఆయన మొహం పాలిపోయింది గానీ, నాకు మాత్రం ఎప్పుడో తెలిసిన చుట్టం మళ్ళీ గడప తొక్కినట్టనిపించింది. కొట్టు ముందు కదలకుండా నిలబడిపోయిన నన్ను చూసి మా ఆయన, "వాసన పీల్చినా పెరుగుద్దేమో, పద పద" అని చెయ్యి పట్టుకుని లాగారు.

మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు. మాకు వరితో పాటు చెరుకూ ఉండేది. సంక్రాంతి దాటాక చెరుకు కొట్టడం మొదలైతే గానుగ దగ్గరే మా కాపురం. ఎద్దులు తిరుగుతుంటే కిర్రుమనే గానుగ చప్పుడూ, పొయ్యిలో ఫెళఫెళమని మండే ఎండు చెరుకుపిప్పీ, పెద్ద ఇనప పెనంలో కుతకుత ఉడుకుతూ పచ్చ నుంచి తేనెరంగుకి తిరిగే రసమూ, ఆ ఆవిరి పట్టి జిగటగా అంటుకుపోయే మా జుట్టూ, పిప్పి కుప్పల మీద ఎక్కి జారే ఆటలూ, చెరుకు నమిలి నమిలి పగిలిన పెదాల మంటా, ఇవన్నీ కలిపితే నా చిన్నతనం. పెనం దగ్గర నాన్నే పెద్ద. పాకం దిగే వేళకి ఆయన చల్లనీళ్ళ ముంతలో కాస్త వేసి ఉండ చేసి, నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆయన తల ఊపితేనే పెనం దించేవాళ్ళు. ఆ చుట్టుపక్కల మా బెల్లానికున్న పేరంతా నాన్న నాలిక మీదే ఉండేది.

ఒక ఏడు నాన్న పాదంలో చెరుకుమోడు గుచ్చుకుంది. పసుపు పెట్టాం, ఆకుపసరు పోశాం, పుండు మానలేదు సరికదా చుట్టూ నల్లబడింది. నాన్న పక్కనే చెంబు పెట్టుకు కూర్చుని నీళ్ళు తాగుతూనే ఉండేవాడు. బెజవాడ తీసుకెళితే డాక్టరుగారు షుగరన్నారు. అది అదుపులోకి రాకపోతే వేలితో మొదలుపెట్టి కాలిదాకా తీసెయ్యాల్సి రావచ్చన్నారు. ఆ సాయంత్రం బండి దిగిన నాన్న అరుగు మీద కూర్చుని, కట్టు కట్టిన పాదం వంకే చూసుకుంటూ ఉండిపోయాడు. నాన్నని అలా చూడటం నాకదే మొదలు.

మర్నాడు అమ్మ వంటిల్లు మార్చేసింది. అప్పటిదాకా మా ఇంట్లో రెండు పూటలా అన్నమే, అదీ రాశులుగా. ఇప్పుడు మధ్యాహ్నం కంచంలో కూర ఎక్కువ, అన్నం తక్కువ. తోటకూరా, బచ్చలీ, బీరకాయా, కాకరకాయా మాటిమాటికీ వచ్చేవి. రాత్రికి జొన్నరొట్టె. డెల్టాలో పుట్టిన అమ్మకి జొన్నరొట్టె చెయ్యడం ఎక్కడొచ్చు? మొదట్లో అవి పెనం మీదే విరిగి ముక్కలయ్యేవి, మేం పప్పులో నానబెట్టుకుని మింగేవాళ్ళం. కాఫీలో బెల్లం పోయింది, పండగ అరిసెలు పోయాయి. తమ్ముడు కంచం ముందు ఏడుస్తుంటే నాయనమ్మ ఊరుకోలేకపోయింది.

"జబ్బు వాడికైతే పిల్లలేం పాపం చేశారే? వాళ్ళకి వేరే వండు."

అమ్మ పీట మీంచి లేవకుండానే అంది. "రెండు వంటలు చేస్తే ఆయన కళ్ళు మన కంచాల్లోనే ఉంటాయత్తయ్యా. అందరం ఇదే తింటే ఇది ఇంటి తిండవుద్ది. ఆయనొక్కరే తింటే పథ్యమవుద్ది."

 ఆ రాత్రి నాయనమ్మ తనూ జొన్నరొట్టే పెట్టించుకుని, పళ్ళు లేని నోటితో మజ్జిగలో నానేసుకు తింది.

పొద్దున్నే అమ్మ ఇంకో పని చేసేది. డాక్టరుగారిచ్చిన నీలం మందు గాజుగొట్టంలో పోసి, అందులో నాన్న మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద వేడిచేసేది. నీలంగానే ఉంటే మంచిది, పచ్చబడితే పరవాలేదు, ఇటికరంగుకి తిరిగితే షుగరు ఎక్కువున్నట్టు. మేం దీపం చుట్టూ మూగి రంగు కోసం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఎరుపు తిరిగిన రోజున నాన్న తప్పు చేసినవాడిలా తలొంచుకుని లేచిపోతుంటే అమ్మ, "రేపు తగ్గుద్దిలెండి" అనేది, అంతకుమించి ఒక్క మాటా అనేది కాదు. మాత్రలూ, కట్లూ, కూరలూ అన్నీ కలిసి పనిచేశాయి. పుండు అంచుల్లో గులాబిరంగు చర్మం కనిపించిన రోజు నాయనమ్మ చేతులెత్తి గుణదల చర్చి కొండవైపూ దుర్గమ్మ కొండవైపూ కూడా దణ్ణం పెట్టింది.

కాలు నయమయ్యాక నాన్న కొత్త చెప్పులేసుకుని తెల్లారగట్ల కాలవగట్టు మీద నడిచేవాడు, తోడు నేను. గట్టు మీద మంచుకి తడిసిన గడ్డీ, నీళ్ళలో దిగిన గేదెల ఊపిర్లూ, రెల్లు మీంచి దూకే లకుముకిపిట్టా, పొలాల మీద తేలే పొగమంచూ చూసుకుంటూ వెళ్ళేవాళ్ళం. పొలం పని తప్ప నాతో కబుర్లు చెప్పే తీరికెరగని నాన్న ఆ గట్టు మీదే నాకు పరిచయమయ్యాడు. ఆ జబ్బుకి నేను రుణపడిన సంగతుల్లో అదొకటి.

మరుసటి ఏడు మళ్ళీ చెరుకు కొట్టారు. పాకం దిగే వేళైంది. నాన్న అలవాటుగా ఉండ చేసి నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. నాన్న వెనక్కి తిరిగి నన్ను పిలిచాడు.

"అమ్మడూ, ఇటురా. నోట్లో వేసుకుని చెప్పు."

"తియ్యగా ఉంది నాన్నా."

"తియ్యగా ఉంటదని నాకూ తెలుసే. చివర సన్నగా ఉప్పు తగలాలి, తగిలిందా? మాడు రుచుందా?"

కళ్ళు మూసుకున్నాను. నాలిక చివర తీపి, పక్కల్లో సన్నటి ఉప్పు, గొంతులోకి దిగేటప్పుడు ఏ చేదూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. నా మొహంలోకే చూస్తూ విన్న నాన్న, "దించండ్రా!" అని కేకేశాడు. ఆ తర్వాత మేం చెరుకు వేసినన్నేళ్ళూ నా నోటిమాట మీదే పెనం దిగింది. నాన్న మనవల్ని ఎత్తుకునేదాకా బతికాడు, తన రెండు కాళ్ళ మీదే నడిచి తిరిగాడు.

మొన్న ఓ పెళ్ళికి మా ఊరివైపు వెళ్ళాం. చెరుకుతోటలున్న చోట ప్లాట్ల రాళ్ళూ, వాటి మధ్య కల్యాణమంటపమూ. గానుగలు లేవు. నడిచిన గట్టు తారురోడ్డయింది. అమ్మా నాన్నా వెళ్ళిపోయారు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో షుగరువాళ్ళకి వేరే వరసే పెడుతున్నారు, పుల్కాలూ, కొర్రన్నమూ, ఉడికించిన కూరలూ. నాన్న రోజుల్లో అవేవీ లేవు. స్వీటు వద్దంటే పెళ్ళివారు చిన్నబుచ్చుకునేవారు, "ఒక్కటేనండీ, ఏం కాదు" అంటూ వెంటపడేవారు.

ఆ మాట మాత్రం ఇంకా పోలేదు. కాజాల పళ్ళెంతో వచ్చినాయన నా ప్లేటు మీదకి వంగి, "ఒక్కటేనండీ" అన్నాడు. తీపంటే ప్రాణమిచ్చే మా ఆయన, కొర్రన్నం కలుపుకుంటున్నవారు కాస్తా, తలెత్తి నేను నోరు తెరిచేలోపే చెప్పారు.

"మా ఇద్దరికీ వద్దండీ."

ఆయనకి షుగరు లేదు.