రేకు వెనక పక్క

సోమవారం పొద్దున పొయ్యి మీద చాయ్ మరుగుతుండగా దవాఖాన నుంచి పెద్దబాపు కొడుకు ఫోన్ చేశాడు. "బాపు పోయిండే" అన్నాడు. మా నాయినకు అన్న, నాకు పెద్దబాపు, జనగామలో యాభై ఏళ్లు ఇత్తడి రేకు కొట్టిన మనిషి, దవాఖాన మంచం మీద పన్నెండు రోజులు ఊపిరి కోసం కొట్లాడి ఓడిపోయాడు. లక్క పొగా ఆసిడ్ ఘాటూ ఏళ్ల తరబడి మింగితే ఊపిరితిత్తులు ఎన్నాళ్లని ఆగుతాయి? చూడవచ్చినవాళ్లంతా "పెద్ద పాణం, మంచిగనే పోయిండు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఊపిరాడక పోయిన మనిషి మంచిగా పోవడమేమిటండీ!

నా భర్త చనిపోయినప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పుట్టింటికి వచ్చి ఒక మూల చూసుకుని కూర్చున్నాను. నెల తిరిగిందో లేదో పెద్దబాపు వచ్చి నా ఒళ్లో సుత్తె పెట్టాడు. "ఏడ్సుడు బంద్ చెయ్యమంటలేను బిడ్డా. ఏడ్సుకుంటనే కొట్టు" అన్నాడు. మా ఇళ్లలో ఆడవాళ్లు చింతపండుతో రేకు తోమడమే గాని కొట్టింది లేదు. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. ఆయన వాళ్ల వైపు చూడను కూడా చూడలేదు.

మా పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. కాచిన లక్క పోసిన పీట మీద రేకును బోర్లా అతికించి వెనక నుంచి కొడతాం. ముందు వైపు ఏం తేలుతోందో కొట్టేవాళ్లకు కనబడదు. వేడి చేసి లక్క నుంచి ఊడదీసినప్పుడే తెలుస్తుంది. దెబ్బలు తిన్న కొద్దీ రేకు బిరుసెక్కుతుంది. అప్పుడు ఆపి, నిప్పుల మీద కాల్చి, చల్లార్చి మళ్లీ కొట్టాలి. "రేకు అలిసింది, జర పండనియ్యి" అనేవాడు పెద్దబాపు. పని బాగుందనుకుంటే వెనక పక్క సన్న ఉలితో మూడు చుక్కలు చెక్కేవాడు. ఆ పనికి ఇక జవాబుదారీ తనదని గుర్తు. అతుకు పడ్డ పనికి ఆ చుక్కలు ఎన్నడూ పెట్టలేదు, ఎంత పెద్దమనిషి అడిగినా సరే.

తొమ్మిదేళ్ల కింద దేవరుప్పుల నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. చర్చిలో ప్రార్థన బల్ల ముందు వైపు బిగించడానికి రేకు మీద ఏడు దీపాల స్తంభం కావాలన్నారు. బైబిల్లో ఇశ్రాయేలీయులనే జనం ఎడారిలో తిరిగిన కాలంలో వాళ్ల దేవుడి గుడారంలో అలాంటిది బంగారంతో ఉండేదట. పెద్దబాపు మెడలో జంధ్యం వేసుకునే మనిషి, చర్చి గడప తొక్కి ఎరగడు. అయినా సుత్తె పక్కన పెట్టి "ఎట్ల చేసిన్రో జర చదువుర్రి" అన్నాడు.

పాస్టరుగారు బైబిల్ తీసి చదివి చెప్పారు. కాడ, కొమ్మలు, మొగ్గలు, పువ్వులు అన్నీ అతుకు లేకుండా ఒకే బంగారు ముద్దలోంచి కొట్టి తీసినవట. మూరల లెక్కన కొలతలు, దేవుడి ఆజ్ఞలు దాచే మందసమనే పెట్టెను మోసే కర్రలకు ఉంగరాలు, తెరలకు కొక్కేలు కూడా దేవుడే చెప్పాడట. "అబ్బో! గీ దేవునికి పని తెల్సు" అని పెద్దబాపు పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

ఆ తర్వాత వారానికోసారి పాస్టరుగారిని పిలిపించుకుని చదివించుకున్నాడు. గుడారం పనికి దేవుడు ఒక పనివాణ్ని పేరు పెట్టి పిలిచాడని విన్నరోజు ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. కడుక్కునే గంగాళం కోసం అక్కడి ఆడవాళ్లు తమ మెరుగుపెట్టిన కంచు అద్దాలు ఇచ్చేశారని విన్నరోజు నా వైపు చూశాడు. భర్త పోయాక నేను అద్దం చూడడం మానేసిన సంగతి ఆయనకు తెలుసు. "మొఖం చూస్కునేది ఇచ్చి చేతులు కడుక్కునేది చేస్కున్నరు బిడ్డా. నువ్వు సుత గంతే చేస్తున్నవ్" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అన్నిటికన్నా ఆయనకు పట్టింది మందసం సంగతి. ఆ చెక్క పెట్టెకు బయటే కాదు, లోపల కూడా బంగారు రేకు తొడిగారట. "మూత పెట్టినంక లోపల ఎవడు చూస్తడు? అయినా పెట్టమన్నడు. గది పనంటే" అన్నాడు. నాతో గట్టిగా చెప్పాడు: "మనం సుత ఒక్కటే రేకుల తీద్దాం. అతికే టంకం ముట్టొద్దు."

చివరి కొమ్మ మిగిలి ఉండగా ఆయన ఛాతీ చూపించుకోవడానికి దవాఖానకు పోయాడు. తిరిగొచ్చేసరికి పూర్తి చేసి మెప్పించాలని నా ఆత్రం. రేకు బిరుసెక్కిందని చేతికి తెలుస్తూనే ఉంది. కాల్చలేదు. రెండు దెబ్బలు ఎక్కువ వేశాను. టిక్కుమని చీలింది.

వెనక నుంచి టంకం పెట్టాను. ముందు వైపు ఆకురాయితో రుద్ది, చింతపండుతో తోమి మెరిపించాను. ఆయన వచ్చి రేకును వెలుగులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. అతుకు కంటబడిందో లేదో నాకు తెలియలేదు. "అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయింది పెద్దబాపు" అన్నాను. ఆ రాత్రి రేకును తన పీట దగ్గరే పెట్టుకున్నాడు. మరునాడు రేకు దేవరుప్పుల పోయింది. ఏటా క్రిస్మస్ ముందు ఆయనే పోయి ఇంటికి తెచ్చి తోమేవాడు. ఆ ఒక్క రేకును నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. నా మీద నమ్మకం పోయిందేమోనని లోలోపల కుమిలేదాన్నే గాని, అడిగే ధైర్యం చేయలేదు.

ఆయన పోయే ముందటి శనివారం దవాఖానలో ముక్కుకు గొట్టంతో పడుకున్నాడు. నా వేళ్లు పట్టుకుని, కాయలు కాచిన చోట తడిమి, ఆగి ఆగి అడిగాడు: "నాకేమన్న చెప్పేదున్నదా బిడ్డా?"

తొమ్మిదేళ్ల కిందటి అతుకు మాట నోటి దాకా వచ్చింది. పోయే ముందు ఈ మనిషిని బాధపెట్టడం ఎందుకని అనుకున్నాను. అది అబద్ధం, భయపడ్డాను.

"ఏం లేదు పెద్దబాపు" అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. సోమవారం పొద్దునకు లేడు.

పదకొండో రోజు భోజనాల వేళ పాస్టరుగారు దుప్పటిలో చుట్టి ఆ రేకు తెచ్చారు. "పెద్దాయనే తోమెటోడు. ఇగ మీరే చెయ్యాలె అక్కా" అని నా చేతుల్లో పెట్టారు. అందరూ వెళ్లిపోయాక పెద్దబాపు పీట ముందు కూర్చుని రేకును బోర్లించాను.

నా టంకం ఎలా పెట్టానో అలాగే, గడ్డకట్టిన చీమిడిలా వికారంగా ఉంది. దాని మీదే మూడు చుక్కలు. కొత్తవి కావు. తొమ్మిదేళ్ల మసి పట్టి నల్లబడి ఉన్నాయి.

ముందు వైపు తోమాను. ఏడు దీపాలూ మెరిశాయి. వెనక్కి తిప్పి చింతపండు చేతిలోకి తీసుకున్నాను గాని, ఆ చుక్కల మీద చెయ్యి ఆడలేదు. "ఉన్నది పెద్దబాపు, చెప్పేదున్నది" అన్నాను, పైకే, ఖాళీ పీటతో.